చద్దరు మీద ఛర్రాలు

తుపాకి ఇంటికి వచ్చిన రోజున రాజారాంకి రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, అది తన ఎత్తుకంటే జానెడు మాత్రమే తక్కువ. రెండు, అది తనది కాదు.

"లైసెన్సు బాయి పేరు మీదుంది," అన్నాడు షోలాపూర్ పోలీసు స్టేషన్లో గుమాస్తా మరాఠీలో, కాగితం మీద వేలు పెట్టి చూపిస్తూ. "బాయి తోడు లేకుండా ఇది గడప దాటకూడదు. తుపాకి మందు కొనాలన్నా బాయి సంతకమే కావాలి. సమజ్లా కా, అర్థమైందా కాకా?"

బాయి అంటే చంద్రభాగ, రాజారాం భార్య. ఆమె ఆ సమయంలో స్టేషన్ వరండాలో బల్ల మీద కూర్చుని, ఇంకా కట్టాల్సిన బీడీలు ఎన్ని మిగిలాయో మనసులో లెక్క వేసుకుంటోంది. తుపాకి ఆమె తండ్రిది. పోశెట్టి మగ్గం నేసుకుంటూనే అక్కల్‌కోట్ రోడ్డు పక్కన రెండెకరాల చేను కొన్నాడు. జొన్న కంకుల మీద పడే పిట్టలనూ, రాత్రిళ్ళు చేలో దూరే అడవిపందులనూ బెదిరించడానికి ఆ తుపాకి పేల్చేవాడు. అంతకుముందు, వేట మీద నిషేధం లేని కాలంలో, అతని తండ్రి దానితో కౌజుపిట్టలు కొట్టేవాడట. చెకుముకి తుపాకి. గుర్రం అనే కొక్కేనికి బిగించిన రాయి ఉక్కు రేకును గీరుకుంటే నిప్పురవ్వ రాలాలి, ఆ రవ్వ పక్కనున్న చిన్న పళ్ళెంలో మందును అంటించాలి, ఆ మంట సన్నని బెజ్జం గుండా గొట్టం లోపలికి పోవాలి, అప్పుడు పేలాలి. గొట్టం లోపల నున్నగా ఉంటుంది. ఒక్క గుండు కాకుండా గుప్పెడు ఛర్రాలు, అంటే మిరియపు గింజలంత సీసపు గుళ్ళు, వేసి కొట్టే తుపాకి అది. పోశెట్టికి కొడుకులు లేరు. ఆయన పోయాక రెండేళ్ళు అది స్టేషన్లోనే ఉండి, కాగితాల పని తెమిలాక కూతురి చేతికి వచ్చింది.

చంద్రభాగ దాన్ని పాత చీరలో చుట్టి ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి నడుముకి దోపుకుంది. అక్కడితో కథ అయిపోయేదే. కాని రాజారాం ఊరుకునే మనిషి కాదు.

ముప్పయ్యారేళ్ళ పాటు అతను చద్దర్లకు జకార్డు అట్టలు గుద్దాడు. బొమ్మను ముందు గళ్ళ కాగితం మీద దించి, ఏ గడిలో పోగు లేవాలో, ఏ గడిలో పడుకోవాలో చూసుకుని, అట్ట మీద ఒక్కొక్క బెజ్జం గుద్దే పని. ఒక గడి తప్పితే నెమలికి మూడో కాలు వస్తుంది. ఆ పనిలోకి కంప్యూటరు వచ్చి రాజారాంని ఇంట్లో కూర్చోబెట్టింది. ఇంట్లో కూర్చున్నాక అతను కొలవనిది లేదు. కుళాయి ఎన్ని నిమిషాలు వస్తుందో రాశాడు. పాలవాడి కొలత ఎంత తక్కువో రాశాడు. చంద్రభాగ ఒక బీడీకి ఎన్ని సెకన్లు తీసుకుంటుందో రాయబోతే, ఆమె తునికాకు కత్తిరించే కత్తెర చూపించింది. అప్పటినుంచి గళ్ళ కాగితాలు ఖాళీగా పడి ఉన్నాయి.

వాటికి పని తగిలించినవాడు జనార్దన్. ఇరవై నాలుగు పవర్‌లూమ్‌ల యజమాని, రాజారాం ఒకప్పుడు పనిచేసిన కార్ఖానా అతనిదే. అశోక్ చౌక్ దగ్గర టీ తాగుతూ, నలుగురూ వినేలా అన్నాడు:

"మామా, నీ ఇంటికి తుపాకి వచ్చిందంట గదా. పేలుతదా, గోడకు పెడతవా?"

"పేలకేం," అన్నాడు రాజారాం.

"అయితే వచ్చే నెల మేళాకు తీసుకురా. పాత తుపాకులోళ్ళ సంఘం పెడుతుంది, ఊరి బయట. తాళ్ళకు పన్నెండు ప్రమిదలు కడతరు, ముప్పై అడుగులు వేసి నిలవడాలె, మూడు దెబ్బలు. నేను మా నాయ్న టోపీ తుపాకి తెస్తున్న, మీట నొక్కంగనే పేలుతది. నీది రాయితోని గీకేది కదా, అది అంటుకునేలోపల నేను ఇంటికొచ్చి అన్నం తింట."

నలుగురూ నవ్వారు. రాజారాం టీ సగంలో వదిలేసి ఇంటికి వచ్చాడు.

"మేళాకు పోదాం," అన్నాడు భార్యతో.

"ఎవరు పేలుస్తరు?"

"నేను."

చంద్రభాగ ఒక బీడీకి దారం చుట్టి, తెంపి, చాటలో వేసింది. "నువ్వెప్పుడన్నా పేల్చినవా?"

"పేల్చుడు పెద్ద పని కాదు. మందెంత, ఛర్రాలెన్ని, మధ్యల బిళ్ళలు ఎంత మందం, అదే అసలు హునర్, పనితనం. లెక్క కుదిరితే ఛర్రాలు నేసిన బట్ట లెక్క పరుచుకుంటయి, ఎక్కడా సందు ఉండదు. కుదరకపోతే నువ్వు ఎంత గురి పెట్టినా ప్రమిద సందులకెళ్ళి బతికిపోతది. ఆ లెక్క నేను తీస్త."

ఆ మాటలు అతను అప్పటికప్పుడు కనిపెట్టినవి కావు. మూడు రోజులుగా మొబైల్‌లో ఏవో దేశాల గడ్డాల మనుషులు అలాంటి తుపాకులతో అట్టలను కాల్చే వీడియోలు చూస్తున్నాడు. వాళ్ళ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాక శబ్దం ఆపేసి చూశాడు. కాని వాళ్ళు కాల్చిన ప్రతిసారీ అట్ట దగ్గరికి పోయి బెజ్జాలు లెక్కపెట్టడం చూసి అతని గుండె పొంగింది. లోకంలో తనలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు.

స్టేషన్లో చెప్పి, చీటీ రాయించుకుని, ఇద్దరూ పొద్దున్నే సిటీ బస్సెక్కి పోశెట్టి చేనుకి వెళ్ళారు. రాజారాం చేతిలో తుపాకి చీరలో చుట్టి ఉంది. చంద్రభాగ చేతిలో చాట, తంబాకు సంచి, తడి గోనెలో చుట్టిన తునికాకు. బీడీ కార్ఖానా వాళ్ళకు సాయంత్రానికి వెయ్యి బీడీలు ఇవ్వాలి, తుపాకి అయినా ఫిరంగి అయినా. కండక్టరు ఆ పొడుగాటి మూటను చూసి ఏమిటని అడిగాడు. "మా నాయ్న," అంది చంద్రభాగ. కండక్టరు ఇంకేం అడగలేదు.

చేను ఆ ఏడు బీడు. వెనక ఎత్తైన మట్టికట్ట, ఒక మూల వేపచెట్టు. చంద్రభాగ చెట్టుకింద కాళ్ళు చాపుకుని చాట ఒళ్ళో పెట్టుకుంది. రాజారాం కట్టకు ముందు రెండు గుంజలు పాతి వాటికి చద్దరు కట్టాడు. ఆ చద్దరు జనార్దన్ కార్ఖానాలో తీసిపారేసిన రకం, అంచు వంకర పోయింది. గళ్ళ చద్దరు. అందుకే అడిగి తెచ్చాడు, పది. కాగితం మీద గళ్ళు గీసుకోనక్కర లేకుండా, గళ్ళ మీదే కాల్చవచ్చని అతని ఉపాయం.

ఇత్తడి గొట్టానికి గీతలు పెట్టి కొలత తయారు చేసుకున్నాడు. ఒకటి నుంచి ఏడు వరకు. మొదటిసారి మూడో గీత మందు, మూడో గీత ఛర్రాలు. మందు మీద గట్టి బిళ్ళ, దాని మీద మెత్తటి దూది ఉండ, ఆ మీద ఛర్రాలు, అవి జారకుండా పైన పల్చటి బిళ్ళ. అన్నీ కర్రతో దట్టించాడు. ముప్పై అడుగులు వేసి నిలబడ్డాడు. తుపాకి భుజానికి ఆనించి మీట నొక్కాడు.

టక్కుమంది. ఏమీ కాలేదు.

దించి చూడబోయాడు.

"దించకు," అంది చంద్రభాగ చెట్టుకింది నుంచి. "జర సేపు కట్ట దిక్కే పట్టు."

పట్టాడు. నిజంగా ఏమీ కాలేదు. రాయి సరిచేసి, పళ్ళెంలో మందు మార్చి మళ్ళీ నొక్కాడు. ఈసారి కంటికి జానెడు దూరంలో తెల్లటి మంట భగ్గుమంది, తుస్సుమని పొగ లేచింది, ఒక్క క్షణం ఏమీ లేదు, ఆ తర్వాత లోకం అంతా పేలింది. పొగ పోయేసరికి రాజారాం రెండడుగులు వెనక ఉన్నాడు. టోపీ అతనికంటే వెనక ఉంది.

చద్దరు దగ్గరికి పరిగెత్తాడు. ఒక్క బెజ్జం లేదు.

చాలాసేపు వేలితో తడిమాడు. షోలాపూర్ చద్దరు అంటే దళసరి నేత, ఛర్రా దూరిపోయాక పోగులు మళ్ళీ దగ్గరికి జరిగి కప్పేసుకుంటాయి. బెజ్జాలు ఉన్నాయో లేవో తెలియదు. చివరికి చద్దరు విప్పి నెత్తిన కప్పుకుని సూర్యుడి వైపు తిరిగి నిలబడ్డాడు. లోపలి నుంచి చూస్తే వెలుతురు చుక్కలు కనిపించాయి. అతను వేలు పెట్టి లెక్కపెట్టసాగాడు. రోడ్డు మీద పోతున్న ఒక రైతు సైకిల్ ఆపి, ఎండలో చద్దరు ముసుగేసుకుని అంకెలు చదువుతున్న మనిషిని చూసి, చెట్టుకింది ఆడమనిషి దగ్గరికి వచ్చాడు.

"చలి జ్వరమా?" అని మరాఠీలో అడిగాడు.

"లేదు బాబూ. రిటైర్ అయిండు," అంది చంద్రభాగ.

లోపల పద్నాలుగు చుక్కలు ఉన్నాయి. అన్నీ పై అంచున, ఎడమ మూలన. నూటికి పైగా వేస్తే పద్నాలుగు. రాజారాం గళ్ళ కాగితం తీసి రాసుకున్నాడు: "మందు తక్కువ."

మర్నాడు నాలుగో గీత పోశాడు. పదకొండు తగిలాయి. అయిదో గీత పోశాడు. పై ఎడమ మూలన పళ్ళెమంత ఖాళీ, చుట్టూ గాజులాగా చుక్కలు. "మందు ఎక్కువ," అని రాశాడు. ఛర్రాలు పెంచాడు, తగ్గించాడు. దూది ఉండ చిన్నది చేశాడు, పెద్దది చేశాడు. పెద్దది చేసిన రోజు అది రాజుకుంటూ గొట్టంలోంచి వచ్చి ఎండుగడ్డిలో పడింది. అతను చద్దరు ముసుగులో చుక్కలు లెక్కపెడుతుండగా వెనక గడ్డి అంటుకుంది. చంద్రభాగ చాట పక్కన పెట్టి, లేచి వెళ్ళి, తునికాకు తీసేసి తడి గోనెతో మంటను కొట్టి ఆర్పింది. వచ్చి కూర్చుంది.

"పొగ వాసన వస్తుందేంది?" అన్నాడు ముసుగులోంచి రాజారాం.

"ఏం లేదు. లెక్కపెట్టు."

ఆ రోజు బీడీలు తొమ్మిది వందలే అయ్యాయి. ఆ తర్వాత ఆమె ఇంటి నుంచి పాత కంబళి ముక్క తెచ్చి అతని ముందు పడేసింది. ఉన్ని ఊరికే అంటుకోదు, దూది బదులు ఇది కత్తిరించుకోమంది. రాజారాం దాన్ని తన ఆలోచనే అన్నట్టు రాసుకున్నాడు.

రెండు వారాలు గడిచాయి. పేట అంతా ఆ సంగతే. చద్దరు మీద నలభై చుక్కలు దాటలేదు. ఒకే కొలత రెండుసార్లు పోస్తే రెండు రకాలుగా కొట్టేది. ఒకసారి ధాం అనేది, ఒకసారి దగ్గినట్టు ఉండేది. ఛర్రాలు కొన్ని చద్దరు దాకా కూడా పోకుండా మధ్యలో రాలిపోయేవి. రాజారాంకి అన్నం సహించలేదు. జీవితంలో ఒకే అట్ట రెండు రకాల బట్ట నేయడం అతను చూడలేదు.

ఒక మధ్యాహ్నం చెట్టుకింద డబ్బా విప్పి జొన్నరొట్టె తింటుంటే, చంద్రభాగ అతని బిళ్ళల డబ్బాలోంచి ఒకటి తీసి వెలుతురుకి పట్టి చూసింది.

"ఇవి దేంతోని చేసినవ్?"

రాజారాం నమలడం ఆపాడు. బిళ్ళలు అతను ఇంట్లో దాచుకున్న జకార్డు అట్టలతో చేశాడు. గట్టి అట్ట, అంతకంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది. పనిలోంచి వచ్చేసేటప్పుడు గుర్తుగా తెచ్చుకున్న నెమలి చద్దరు అట్టలు. తోకలో నూటా పద్దెనిమిది కళ్ళు ఉన్న నెమలి. మేళా కోసం గుండె రాయి చేసుకుని మొదట కాళ్ళు, ఆ తర్వాత ఒళ్ళు గుండ్రంగా కోశాడు. ఇప్పుడు తోకలోకి వచ్చాడు.

"మన నెమలితోని," అన్నాడు.

"దీనికి బెజ్జాలున్నయి గదా."

అతను బిళ్ళ తీసుకుని చూశాడు. మూడు బెజ్జాలు. ఇంకోటి తీశాడు. అయిదు. మందు మంట ఆ బెజ్జాల గుండా ముందే దూసుకుపోతుంటే ఛర్రాలను నెట్టేది ఏముంటుంది. ముప్పయ్యారేళ్ళు ఆ బెజ్జాలు గుద్దిన వేళ్ళు, రెండు వారాలుగా వాటినే కోసి, దట్టించి, ఒక్కసారి కూడా చూడలేదు. ఆ నెమలి ఎక్కడెక్కడ ఎన్ని బెజ్జాలు ఉంటే అన్ని రకాలుగా తుపాకి కొట్టింది.

"తోక మిగిలింది, దాచుకో," అంది చంద్రభాగ. "పెళ్ళిపత్రికలు కోసుకుందాం. బీరువా నిండ ఉన్నయి."

పెళ్ళిపత్రికలతో మొదటి దెబ్బకే అరవై రెండు చుక్కలు వచ్చాయి. రాజారాం చద్దరు ముసుగులో ఉండిపోయి చాలాసేపు బయటికి రాలేదు.

కాని అరవై రెండూ మళ్ళీ పై అంచున, ఎడమ మూలనే ఉన్నాయి. గురి మధ్యలో పెట్టినా అవి అక్కడికే పోయేవి. గొట్టం వంకరేమో అని దారం పట్టి చూశాడు. వంకర లేదు. గాలి అన్నాడు. గాలి లేని రోజు కూడా అక్కడే. అప్పుడతను ఒక నిర్ణయానికి వచ్చాడు. మనిషి చేతిలో ఉంటే లెక్క నిలవదు, తుపాకికి స్థిరమైన పీట కావాలి. చేనులో మామగారి నులకమంచం ఉంటే దాని మీద ఇసుక సంచులు పేర్చి, మధ్యలో తుపాకి పడుకోబెట్టి, మీటకి నూలు పోగు కట్టి, పది అడుగుల దూరం నుంచి లాగాడు. పోగు తెగింది. నాలుగు పోగులు పేని లాగాడు. మంట దూరాన భగ్గుమంది. హాయిగా ఉంది.

"శాస్త్రం ప్రకారం ఇట్లనే చేయాలె," అన్నాడు భార్యవైపు చూడకుండా.

"అట్లనా," అంది ఆమె.

మంచం మీద తుపాకి సూటిగా కొట్టింది. చుక్కలు చద్దరు మధ్యకి వచ్చాయి. ఇంక మిగిలింది లెక్కే, లెక్కలో రాజారాంని ఎవరూ ఆపలేరు. మందు అరగీత తగ్గించాడు, ఛర్రాలు అరగీత పెంచాడు, పై బిళ్ళ ఒకటి చాలన్నాడు. చేలో గాలికి కొలత గొట్టంలోంచి మందు ఎగిరిపోతోందని చంద్రభాగ ఇంట్లోనే పొట్లాలు కట్టింది. అతను రాసి పారేసిన గళ్ళ కాగితాలను కత్తిరించి, మందు ఒక పొట్లం, ఛర్రాలు ఒక పొట్లం, బీడీలాగా చుట్టి మూతి మడిచి దారం కట్టింది. రాజారాం నమ్మకం లేక పదింటిని విప్పి కంసాలి తక్కెడలో తూచాడు. పదీ ఒకటే బరువు. మళ్ళీ కట్టమంటే అన్నీ కట్టింది. నలభై ఏళ్ళుగా చిటికెడు తంబాకుని అదే చిటికెడుగా తీస్తున్న వేళ్ళు అవి. అతను కొలత గొట్టాన్ని సంచిలో పెట్టేశాడు.

మేళాకి రెండు రోజుల ముందు జనార్దన్ కారేసుకుని చేనుకి వచ్చాడు, ఏం జరుగుతోందో చూడడానికి. వెలిగించిన సిగరెట్టుతో నేరుగా మందు పొట్లాలున్న డబ్బా దగ్గరికి నడిచాడు. చంద్రభాగ అతని నోట్లోంచి సిగరెట్టు లాగి మట్టిలో తొక్కేసింది.

"అత్తా, బీడీలు కట్టేదానివి, నాకు సిగరెట్టు తాగనియ్యవా," అన్నాడతను.

"బీడీలు కట్టేదాన్ని కాబట్టే," అందామె.

మంచం మీద పడుకున్న తుపాకిని, మీటకి కట్టిన పోగుని చూసి జనార్దన్ నడుం పట్టుకుని నవ్వాడు. "మామా, మేళాకు మంచం గూడ మోసుకొస్తవా? అక్కడ చేతిల పట్టుకుని కొట్టాలె." కాని లాగి చూపించాక, చద్దరు మీద నూటా నాలుగు చుక్కలు, గడికి రెండు చొప్పున పరుచుకుని ఉండడం చూశాక, నవ్వు ఆపాడు. మందెంత పోశావని అడిగాడు. రాజారాం చెప్పలేదు. "నాకీ లెక్కలు అక్కర్లేదు. ఒక గుప్పెడు మందు, ఒక గుప్పెడు ఛర్రాలు. ఇంకో గుప్పెడు గూడ వేస్త," అని అతను వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి రాజారాం చెవిలో జనార్దన్ మాటే తిరిగింది. చేతిల పట్టుకుని కొట్టాలె. మొదటి రోజు కంటికి జానెడు దూరంలో లేచిన ఆ తెల్లటి మంట అతన్ని వదలలేదు. మీట నొక్కే ప్రతిసారీ, అది రాకముందే, కళ్ళు వాటంతట అవే గట్టిగా మూసుకునేవి, తల పక్కకి తిరిగేది, గొట్టం పైకి లేచేది. ఛర్రాలు ఎడమ మూలన పైకి పోవడం అందుకే. ఆ సంగతి అతనికి మూడో రోజే తెలుసు. తెలిసీ మందు ఎక్కువనీ, తక్కువనీ, గాలనీ రాసుకుంటూ వచ్చాడు. ఎంతో లెక్క తెలిసిన మనిషి, కాగితం మీద ఎక్కడా ఆ ఒక్క మాట రాయలేదు.

మేళా రోజున ఊరి బయట మైదానంలో షామియానా వేశారు. పాతిక మందిదాకా వచ్చారు. పాత తుపాకులు, పాత మీసాలు. పేర్లు రాసే బల్ల దగ్గర ఋతుజ అనే అమ్మాయి లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది.

రాజారాం లైసెన్సు కాగితం ముందు పెట్టాడు.

ఋతుజ చదివి తలెత్తింది. "చంద్రభాగ మీరేనా?" అని మరాఠీలో అడిగింది.

"కాదమ్మా, నా భార్య. పేల్చేది నేను."

"కుదరదు కాకా. లైసెన్సు ఎవరి పేరున ఉంటే వాళ్ళే పేల్చాలి. మీకిచ్చిన మేళా నియమాల పత్రంలో మూడో వరుసలో ఉంది, చదవలేదా?"

పత్రం మీద రాజారాం వెనకవైపు గళ్ళు గీసుకుని లెక్కలు రాశాడు. ముందువైపు చదవలేదు. పక్కనే నిలబడ్డ జనార్దన్ అతని మొహం చూసి జాలిపడ్డాడు. "అయ్యో మామా, నెల రోజుల కష్టం," అన్నాడు.

కాని రాజారాంకి లోపల ఏదో బిగించిన కట్టు వదులైనట్టు ఉంది. నెల రోజుల్లో మొదటిసారి ఊపిరి కడుపుదాకా దిగింది. అది బయటికి కనిపించకూడదని మొహం ముడుచుకుని, వెనక్కి తిరిగి, "చంద్రా, నువ్వే కొట్టాలంట," అన్నాడు.

"సరే," అంది చంద్రభాగ. చాట ఋతుజ బల్ల మీద పెట్టి, చీర కొంగు నడుముకి చుట్టి దోపింది.

ముందు జనార్దన్ వంతు వచ్చింది. అతను నిజంగానే ఇంకో గుప్పెడు వేశాడు. మూడు దెబ్బలు కొట్టాలి. మొదటి దెబ్బకే పొగ మబ్బులా లేచి, అది తొలిగేసరికి జనార్దన్ మైదానంలో కాళ్ళు చాపుకుని కూర్చుని, తుపాకిని బిడ్డలా ఒళ్ళో పట్టుకుని ఉన్నాడు. ఛర్రాలు పెద్ద వలయంగా పోయి, ప్రమిదల చుట్టూ ఉన్న అన్నిటినీ కొట్టాయి. గుంజకి కట్టిన జెండా కూడా పడింది. ప్రమిదలు మాత్రం పన్నెండూ గాలికి మెల్లగా ఊగుతున్నాయి. మిగతా రెండు దెబ్బల్లో రెండు ప్రమిదలు పగిలాయి. భుజం పట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

చంద్రభాగకి తుపాకి రాజారాం నింపాడు. మందు పొట్లం విప్పి పోసి, పెళ్ళిపత్రిక బిళ్ళ, కంబళి ఉండ, ఛర్రాలు, పై బిళ్ళ. ఆమె తుపాకి అందుకుని, ఎడమకాలు ముందుకి వేసి, చెంపను కొయ్యకి ఆనించింది. అలా ఆనించడం అతను ఎప్పుడూ చూడలేదు. మీట నొక్కింది. మంట ఆమె కంటిపక్కనే భగ్గుమంది. రెప్ప కూడా కదలలేదు. నాలుగు ప్రమిదలు ఒక్కసారి తాళ్ళ నుంచి మాయమయ్యాయి.

జనంలో ఎవరో మరాఠీలో పిన్నిని మెచ్చుకుంటూ "వా మావ్‌శీ" అన్నారు.

రెండో దెబ్బకి టక్కుమని ఊరుకుంది. చంద్రభాగ గొట్టాన్ని ప్రమిదల వైపే పట్టుకుని కదలకుండా నిలబడింది. రాజారాం లోపల ముప్పై వరకూ లెక్కపెట్టి, పక్కనుంచి వచ్చి రాయిని విప్పి, మొద్దుబారిన అంచు తిప్పి, తోలుముక్కతో బిగించాడు. బెజ్జంలో పిన్నీసుతో పొడిచి పళ్ళెంలో చిటికెడు మందు కొత్తది వేశాడు. మళ్ళీ నొక్కింది. మూడు పగిలాయి. చివరి దెబ్బకి ఇంకో రెండు. మొత్తం తొమ్మిది.

బార్శీ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన పది పగలగొట్టాడు. మొదటి బహుమతి ఆయనకి, రెండోది చంద్రభాగకి. గోడ గడియారం ఇస్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె భర్త కోసం చూసింది. అతను అక్కడ లేడు. బార్శీ ముసలాయన్ని షామియానా చివరికి లాక్కుపోయి, గళ్ళ కాగితం, పెన్సిలు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"దాదా, మందెంత పోస్తరు?" అని మరాఠీలో అడుగుతున్నాడు.

"అందాజా," అన్నాడు ముసలాయన.

"ఛర్రాలు?"

"అందాజా."

"బిళ్ళలు దేంతోని?"

ముసలాయన ఆలోచించాడు. "ఏది దొరికితే అది. ఇయ్యాల బస్సు టికెట్లు వేసిన."

రాజారాం పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం బస్సులో సీటు దొరికింది. గడియారం చంద్రభాగ ఒళ్ళో, తుపాకి ఇద్దరి మధ్య. జనార్దన్ కారు పక్కనుంచి పోతూ, కిటికీలోంచి చెయ్యి ఊపబోయి, భుజం నొప్పికి దించేసుకున్నాడు.

"నువ్వు ఇంత మంచిగ కొడతవని నాకు ఒక్కసారన్నా చెప్పలేదు," అన్నాడు రాజారాం.

"మా నాయ్నకు జ్వరమొస్తే కావలి నేనే పోతుంటి. పెండ్లికి ముందు."

కొంత దూరం పోయాక ఆమె, కూతురి పేరు పెట్టి అతన్ని పిలుస్తూ, అంది: "నువ్వు కండ్లు మూసుకుంటున్నవని నాకు మొదటి రోజే తెలుసు, ఆరతి నాయ్నా."

రాజారాం కిటికీలోంచి బయటికి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "తెలిస్తే చెప్పద్దా? నెల రోజులు ఎండల చద్దరు కప్పుకుని నిలవడ్డ."

"చెప్తే నువ్వు రెండో రోజే తుపాకి బీరువాల పెడుతుంటివి. నేను మళ్ళ ఆ గదిల, మగ్గాల సప్పుడుల కూసుని బీడీలు కడుతుంటి." ఆమె గడియారాన్ని ఒళ్ళో సరిగ్గా పెట్టుకుంది. "మా నాయ్న చేనుల, చెట్టుకింద, గాలికి కూసోక పద్దెనిమిది ఏండ్లాయె. నెల రోజులు కూసున్న. లై మంచిగుండె, చానా మంచిగుండె."

నెల రోజుల కాగితాల్లో గాలి ఏ వైపు నుంచి వీచిందో రోజూ రాశాడు. ఆ గాలికి ఎవరు కూర్చున్నారో చూడలేదు.

బస్సు ఊళ్ళోకి వచ్చింది. మగ్గాల చప్పుడు దూరాన్నుంచే వినిపించసాగింది. అశోక్ చౌక్ దగ్గర దిగి, తుపాకి భుజాన వేసుకుని ఇంటివైపు నడుస్తూ అతను అన్నాడు:

"మందు ఇంకా అరడబ్బా ఉన్నది."

"ఉన్నదా."

"వచ్చే వారం పోయి, ఆ బస్సు టికెట్ల సంగతేందో చూడాలె. నువ్వు రాకుంటే అది గడప దాటదు గదా."

చంద్రభాగ చేతిలోని టికెట్లు రెండూ పారేయకుండా తంబాకు సంచిలో వేసుకుంది.